ఐలెట్ మార్పిడి ఎక్కువ కాలం నిలవాలంటే: కణాలు పెంచాలా, మందులు మార్చాలా, కణాన్నే మార్చాలా?

తిరుపతిలో టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల కుటుంబాలతో పనిచేస్తున్న నాకు ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతోంది: "ఏవో కణాలు ఎక్కిస్తే ఇక ఇన్సులిన్ అక్కర్లేదట కదా సార్, మా పాపకు ఎప్పుడు చేయించవచ్చు?" రోజుకు నాలుగు సూదులు, అర్ధరాత్రి లేచి వేలు గుచ్చి చూడటం, బడిలో కళ్లు తిరిగి పడిపోతుందేమోనన్న భయం, వీటన్నిటి మధ్య ఆ తల్లి ఆశపడటంలో తప్పేమీ లేదు. అయితే ఎన్నేళ్లు ఇన్సులిన్ లేకుండా గడిచిందన్న ఒక్క లెక్కతో ఈ చికిత్సను తూచకూడదు. ఆ ఏళ్ల కోసం ఒళ్లు ఏమేమి భరించిందో కూడా చూడాలి. అలా చూస్తే, ఇప్పుడు పరిశోధన నడుస్తున్న మూడు దారుల్లో ఒక్కటే పిల్లలకు సరిపోయేలా ఉంది.

ఐలెట్లంటే క్లోమంలో గుంపులు గుంపులుగా ఉండే కణాలు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు వీటిలోనే ఉంటాయి. మొత్తం క్లోమంలో వీటి వాటా ఒకటి రెండు శాతమే. మరణించిన దాత క్లోమాన్ని ఎంజైముతో కరిగించి, ఐలెట్లను వేరు చేసి, రోగి కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిరలోకి సన్నని గొట్టం ద్వారా వదులుతారు. పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం, పరాయి కణాలను శరీరం తోసిపుచ్చకుండా ఆపే స్టెరాయిడ్లు లేని మందుల పద్ధతితో ఏడుగురికి ఇలా చేస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. ప్రపంచమంతా సంబరపడింది. ఐదేళ్లు గడిచేసరికి, ఆ పద్ధతిలో చికిత్స పొందినవారిలో ఇన్సులిన్ లేకుండా ఉన్నవారు పది శాతం దగ్గరికి పడిపోయారు. అదే కేంద్రం 255 మంది రోగుల ఇరవై ఏళ్ల అనుభవాన్ని 2022లో ప్రచురించింది. ఏడాది తర్వాత ఇన్సులిన్ అక్కర్లేనివారు 61 శాతం, ఐదేళ్లకు 32, పదేళ్లకు 20.

ఈ అంకెలు చూసి చికిత్స విఫలమైందని అనుకోనక్కర్లేదు. మళ్లీ ఇన్సులిన్ మొదలుపెట్టినవారిలోనూ చాలామందికి ఐలెట్లు కొంతవరకు పనిచేస్తూనే ఉంటాయి. సొంత ఇన్సులిన్ కొద్దిగా ఊరినా చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం బాగా తగ్గుతుంది. లో షుగర్ వస్తున్నట్టు ముందుగా తెలియని రోగికి ఇది ప్రాణంతో సమానం. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతూ, చెమట, వణుకు వంటి హెచ్చరిక ఒక్కటీ లేకుండా దారిలో కుప్పకూలే మనిషిని ఊహించుకోండి. అతనికి కావలసింది ముందుగా ఆ ప్రమాదం తప్పడం. సూదుల లెక్క తర్వాతి మాట.

మరి ఐలెట్లు ఎందుకు నిలవవు? మొదటి దెబ్బ మొదటి గంటల్లోనే పడుతుంది. నేరుగా రక్తంలోకి వదిలిన ఐలెట్లను రక్తం పరాయి వస్తువుగా చూస్తుంది. వాటి చుట్టూ గడ్డకడుతుంది, వాపు పుడుతుంది. సగందాకా ఐలెట్లు అక్కడే చనిపోవచ్చు. మిగిలినవి కొత్త చోట వేరూనాలి. కొత్త రక్తనాళాలు అల్లుకోవడానికి రెండు వారాలు పడుతుంది, పోర్టల్ సిర రక్తంలో ఆక్సిజన్ చూస్తే తక్కువ. ఆ తర్వాత రెండు రకాల దాడులు. పరాయి కణాలని శరీరం చేసే దాడి ఒకటి, శరీరం తన బీటా కణాల మీదే చేసే, అసలు టైప్ 1 జబ్బుకు కారణమైన పాత దాడి ఇంకొకటి. ఈ రెండింటినీ ఆపడానికి ఇచ్చే టాక్రోలిమస్ మందు మూత్రపిండాలనే కాక బీటా కణాలనూ దెబ్బతీస్తుంది. కాపాడాల్సిన మందే హాని చేస్తోంది కాబట్టి, మూడు దారులనూ పోల్చేటప్పుడు నేను ముందుగా చూసేది దీన్నే.

మొదటి దారి, కణాలు పెంచడం. ఒక్కో రోగికి తరచుగా ఇద్దరు ముగ్గురు దాతల క్లోమాలు కావాలి. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా మూత్రపిండం కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్న కుటుంబాలకు ఆ కొరత గురించి వేరే చెప్పనక్కర్లేదు. వేరే రకం కణాలుగా మారగల మూల కణాల నుంచి ప్రయోగశాలలోనే ఐలెట్లు పెంచితే ఆ సమస్య తీరుతుంది. వెర్టెక్స్ సంస్థ తయారుచేసిన జిమిస్లెసెల్ ఫలితాలు 2025లో వచ్చాయి. పూర్తి మోతాదు ఒకేసారి అందుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. ఇంత మంచి ఫలితం ఇంతకుముందు అరుదు. అయినా ఆ రోగులందరూ రోగనిరోధక శక్తిని అణిచే మందులు (ఇకపై నిరోధక మందులు అంటాను) వాడుతూనే ఉండాలి. ఆ ప్రయోగంలో ఒకరు క్రిప్టోకాకస్ అనే ఫంగస్ వల్ల వచ్చిన మెదడుపొర వాపుతో మరణించారు.

పరాయి కణాలు కాకుండా రోగి సొంత కణాలనే వాడితే? చైనాలో డెంగ్ హాంగ్‌కుయ్ బృందం ఆ పని చేసింది. 25 ఏళ్ల యువతి కణాలనే ఐలెట్లుగా మార్చి ఆమె పొట్ట కండరం పొర కింద ఉంచారు. 75 రోజులకు ఆమె ఇన్సులిన్ మానేసింది. అయితే కాలేయ మార్పిడి వల్ల ఆమె అప్పటికే నిరోధక మందులు వాడుతోంది. సొంత కణాలైతే మందులు అక్కర్లేదని దీన్ని చూసి చెప్పలేం. పాత అనుభవం వ్యతిరేకంగానే చెబుతోంది. అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ సదర్లాండ్ బృందం మధుమేహం ఉన్నవారికి వారి ఏకరూప కవలల క్లోమంలో కొంత భాగం అమర్చింది. కణజాలం అచ్చంగా ఒకటే కాబట్టి మందులు ఇవ్వలేదు. పరాయిదని శరీరం తోసిపుచ్చలేదు, కానీ పాత జబ్బు తిరిగొచ్చి బీటా కణాలను మళ్లీ తుడిచిపెట్టింది. ఎన్ని కణాలు తయారుచేసినా, ఎవరి కణాలు తెచ్చినా, దాడి ఆగనంత వరకు సమస్య తీరదని నేను నమ్మడానికి కారణం ఈ కవలలే.

రెండో దారి, మందులు మార్చడం. పేరు పెద్దగా వినిపించకపోయినా దీని విలువ తక్కువేమీ కాదు. తొలి గంటల వాపును అణిచే అనాకిన్రా, ఎటానర్‌సెప్ట్ మందులను కలిపి ఇచ్చినవారిలో ఐలెట్లు ఎక్కువ కాలం నిలిచినట్టు ఎడ్మంటన్ లెక్కల్లోనే కనిపించింది. టాక్రోలిమస్‌కు బదులు టెగోప్రుబార్ట్ వాడే ప్రయోగం షికాగో విశ్వవిద్యాలయంలో జరుగుతోంది. రోగనిరోధక కణాల మధ్య సాగే ఒక సంకేతాన్ని అడ్డుకునే మందు ఇది. మొదటి రోగుల్లో ఇద్దరు ఇన్సులిన్ మానేసినట్టు 2024లో ప్రకటించారు. బీటా కణాన్ని దెబ్బతీసే మందును తొలగించడమంటే ఐలెట్ ఆయుష్షును నేరుగా పెంచడమే. పెద్దవాళ్లకు అన్నిటికంటే ముందు అందుబాటులోకి వచ్చే మేలు ఇదేనని నా అంచనా. అయినా రోగనిరోధక శక్తిని ఇదీ ఎంతో కొంత తగ్గించేదే. క్షయ ఇంత విస్తారంగా ఉన్న దేశంలో ఆ మాట తేలిగ్గా తీసుకోలేం. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారిలో క్షయ వచ్చేవారు పాశ్చాత్య దేశాలకంటే మన దగ్గర చాలా ఎక్కువ.

మూడోది, కణాన్నే మార్చడం. స్వీడన్‌లోని ఉప్సలాలో, 37 ఏళ్లుగా టైప్ 1 ఉన్న 42 ఏళ్ల వ్యక్తి ముంజేతి కండరంలోకి జన్యుమార్పిడి చేసిన దాత ఐలెట్లను ఎక్కించారు. నిరోధక మందు ఒక్కటీ ఇవ్వలేదు. కణాన్ని పరాయిదిగా పట్టించే గుర్తులను తీసేయడానికి రెండు జన్యువులను పనిచేయకుండా చేశారు. "నన్ను తినకు" అని చెప్పే సీడీ47 అనే ప్రోటీన్‌ను పెంచారు. ఎక్కించిన వాటిలో మార్పు సరిగా జరగని కణాలు కూడా కొన్ని ఉన్నాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని ఏరి చంపింది, మూడు మార్పులూ పూర్తయిన కణాలను ముట్టుకోలేదు. ఒకే చేతిలో, ఒకే సమయంలో జరిగిన ఈ పోలికకంటే స్పష్టమైన రుజువు అడగలేం. 2025లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 12 వారాల తర్వాతా ఆ కణాలు బతికి ఇన్సులిన్ స్రవిస్తున్నాయి. మోతాదు చాలా తక్కువ కాబట్టి అతను ఇంకా ఇన్సులిన్ తీసుకోవాల్సిందే. ఒక్క రోగి, కొద్ది వారాలు. రోగనిరోధక వ్యవస్థకు కనిపించని కణం రేపు క్యాన్సర్‌గా మారితే ఎలా ఆపాలన్న ప్రశ్న కూడా ఉంది. అయినా ఎనిమిదేళ్ల పాప గురించి అడిగితే నేను చూపించే దారి ఇదే, ఎందుకంటే ఆ పాప ముందు డెబ్బై ఏళ్ల జీవితం ఉంది. అన్నేళ్ల నిరోధక మందులను ఏ ఐలెట్ ఆయుష్షుతోనూ సమర్థించలేం. మూల కణాల నుంచి పెంచిన ఐలెట్లకు ఈ జన్యుమార్పులు చేసినప్పుడే మొదటి దారికీ పూర్తి అర్థం వస్తుంది.

ఇప్పుడు అవసరమున్నవారి సంగతి వేరు. మధుమేహంతో మూత్రపిండాలు పాడై మార్పిడికి సిద్ధమవుతున్నవారు నిరోధక మందులు ఎలాగూ వాడాలి. కాబట్టి వారి త్రాసు మరోలా తూగుతుంది. అలాంటి టైప్ 1 రోగి పెద్ద ఆపరేషన్ తట్టుకోగలిగితే, మూత్రపిండంతో పాటు మొత్తం క్లోమం మార్పిడి గురించి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో, చిత్తూరువారైతే దగ్గరున్న వేలూరు సీఎంసీలోనో నిపుణులను అడగాలి. మొత్తం క్లోమం ఐలెట్లకంటే ఎక్కువ కాలం ఇన్సులిన్ అవసరం లేకుండా చేస్తుంది. మూత్రపిండాలు బాగుండి, లో షుగర్ తెలియకుండా పడిపోయేవారు ముందు గ్లూకోజ్ సెన్సర్, వీలైతే దానితో కలిసి పనిచేసే ఇన్సులిన్ పంపు ప్రయత్నించాలి. అవి వాడినా పడిపోతుంటే అప్పుడు ఐలెట్ల మాట.

పిల్లలకు నేటి జవాబు సెన్సర్, మంచి ఇన్సులిన్, క్రమం తప్పని పరీక్షలు. కళ్లు, మూత్రపిండాలు చెడకుండా కాపాడుకుంటేనే రేపు ఏ మార్పిడి వచ్చినా దాని ఫలం పూర్తిగా అందుతుంది. ఈలోగా ఎవరైనా మూల కణాల సూదితో షుగర్ నయం చేస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం మధుమేహానికి మూల కణాల చికిత్స ఆమోదం పొందలేదు. అనుమతి ఉన్న ప్రయోగంలో మాత్రమే చేయాలి, ప్రయోగంలో చేరిన రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు.