జాగ్రత్త: సీసాల్లో పండ్ల సిరప్ కలపమనే బీరు కిట్లు కొనకండి

బీరంటే ఇష్టం లేనివారికి కూడా నచ్చే బీరును ఇంట్లోనే చేసుకోవచ్చంటూ అమ్ముతున్న కిట్లలో ఒకదాన్ని తెప్పించాను. మా ఇంట్లో బీరు వాసనకే మొహం చిట్లించేవారు ఉన్నారు, వారి కోసమే. పెట్టెలోని కాగితంలో ఎలా ఉంటే అలాగే చేశాను. సీసాలు నింపి అలమారలో పెట్టిన కొన్నాళ్లకు ఒకటి పెద్ద శబ్దంతో పేలింది, ఆ వెంటనే పక్కవి కూడా. అలమార తలుపు వేసి ఉండబట్టి గాజు పెంకులు ఎవరికీ తగల్లేదు. ఆ కాగితం ఇప్పటికీ ఎందరి ఇళ్లకో చేరుతూనే ఉంటుందన్న భయంతో ఇది రాస్తున్నాను.

అసలు ప్రమాదమంతా కిట్‌లో వచ్చే పండ్ల సిరప్ ప్యాకెట్‌లోనే ఉంది. బీరు పులిసిన తర్వాత, సీసాల్లో నింపే ముందు దాన్ని కలిపి మూత బిగించమని కాగితం చెబుతుంది. అప్పటికి బీరులో ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) బతికే ఉంటుంది. చక్కెర కనిపిస్తే తింటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నురగ రావడానికి ఇంట్లో బీరు చేసేవారు సీసాలు నింపేటప్పుడు కొద్దిగా చక్కెర వేసేది ఇందుకే. దానికి లీటరుకు సుమారు 6 గ్రాములు చాలు. నాకు వచ్చిన సిరప్ ప్యాకెట్ వెనుక ఉన్న పట్టిక చూసి లెక్క వేస్తే లీటరుకు 25 గ్రాముల దాకా తేలింది. షాంపేన్ తయారీలో సీసాలోనే రెండోసారి పులియడానికి వేసే చక్కెర లీటరుకు సుమారు 24 గ్రాములు. ఆ సీసాలో పీడనం మామూలు గాలి పీడనానికి 6 రెట్ల వరకు పెరుగుతుంది. అందుకే షాంపేన్ సీసా గాజు అంత దళసరిగా, అడుగున గుంటతో ఉంటుంది, బిరడా ఎగిరిపోకుండా తీగ బిగిస్తారు. ఈ కిట్‌తో వచ్చినవి అలంకారానికి పనికొచ్చే పలుచని పారదర్శక సీసాలు. ఎంత పీడనం తట్టుకుంటాయో వాటి మీద ఎక్కడా లేదు. పైగా పారదర్శక గాజులోంచి వెలుతురు తగిలితే హాప్స్‌లోని (బీరుకు చేదు, పరిమళం ఇచ్చే పూలు) పదార్థాలు మారి బీరుకు దుర్వాసన పడుతుంది. ముదురు గోధుమరంగు సీసాలు వాడేది అందుకే.

ఇంత చేసినా తీపి దక్కిందా అంటే అదీ లేదు. పేలకుండా మిగిలిన సీసాను చల్లబరిచి తీస్తే సగం నురగై పొంగిపోయింది. మిగిలినదాన్ని రుచి చూస్తే తీపి లేదు, పండు రుచి లేదు, చేదు మాత్రం నిక్షేపంగా ఉంది. సిరప్‌లోని చక్కెరనంతా ఈస్ట్ తినేశాక తీపి ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మేవారికి ఇది తెలియకపోతే ఈ వ్యాపారంలో ఉండకూడదు. తెలిసీ అమ్ముతుంటే అంతకన్నా ఘోరం.

చేదు సంగతి కూడా చెప్పాలి. పెట్టె మీద 'చేదు లేనిది' అని పెద్ద అక్షరాల్లో ఉంది. లోపలి డబ్బాలో ఉన్నది ముందే హాప్స్ వేసి మరిగించిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) పాకం. హాప్స్ మరిగినప్పుడు పుట్టే చేదును తర్వాత తీసేయలేం. చేదును ఐబీయూ అనే కొలతలో చెబుతారు. గోధుమ బీర్లలో అది సాధారణంగా 8 నుంచి 15 మధ్య ఉంటుంది, హాప్స్ ఎక్కువ వేసే ఐపీఏ అనే బీరు రకాల్లో 40 దాటుతుంది. చేదు ఇష్టపడనివారి కోసం కొంటున్నప్పుడు ఆ అంకె అడగండి. చెప్పలేకపోతే అక్కడితో ఆగిపోండి. ఈస్ట్ ప్యాకెట్ మీద రకం పేరు, గడువు తేదీ ఉన్నాయో లేదో కూడా చూడండి. నాకు వచ్చినదాని మీద రెండూ లేవు.

ఫిర్యాదు చేస్తే, సీసాలు సరిగా కడగలేదని మొదట నా మీదే నెట్టారు. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాల్సిందన్నారు. ఆ మాట కాగితంలో ఎక్కడా లేదు. చల్లదనం ఈస్ట్‌ను నెమ్మదింపజేస్తుంది తప్ప చంపదు, బయటకు తీస్తే మళ్లీ మొదలవుతుంది. తెరిచిన కిట్‌కు డబ్బు వాపసు ఇవ్వరట. తెరవకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

బీరు నచ్చనివారికి నచ్చేది చేయడం అసాధ్యమేమీ కాదు. హాప్స్ తక్కువ వేసిన గోధుమ బీరుతో మొదలుపెట్టండి. జర్మన్ గోధుమ బీరు ఈస్ట్ తనంతట తానే అరటిపండు, లవంగం పరిమళం ఇస్తుంది. బెల్జియం పద్ధతిలో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. తీపి నిలవాలంటే లాక్టోజ్ అనే పాల చక్కెర ఉంది, దాన్ని బీరు ఈస్ట్ తినలేదు. 20 లీటర్లకు అర కిలో వేస్తే మెత్తని తీపి వస్తుంది. అయితే పాలు పడనివారికి అది ఇబ్బంది, తాగేవారికి ముందే చెప్పండి. పండు వేయాలనుకుంటే పులిసే పాత్రలోనే వేసి, దాని చక్కెర పూర్తిగా పులిసేదాకా ఆగండి. హైడ్రోమీటర్ (చక్కెర ఇంకా పులుస్తోందో లేదో ద్రవం సాంద్రతను బట్టి తెలిపే పరికరం) వరుసగా మూడు రోజులు ఒకే అంకె చూపితేనే సీసాల్లో పోయండి. నన్నడిగితే సిరప్‌ను తాగేముందు గ్లాసులో కలుపుకోవడమే అన్నిటికన్నా మంచిది. తీపి తీపిగానే ఉంటుంది, ఏదీ పేలదు.

ఇప్పటికే ఇలాంటి కిట్‌తో సీసాలు నింపి ఉంటే వాటిని ఊపకండి, ఒట్టి చేతులతో పట్టుకోకండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. కళ్లకు రక్షణ అద్దాలు, దళసరి చేతితొడుగులు వేసుకుని, మందపాటి తువ్వాలు కప్పి ఒక్కో సీసానే ఫ్రిజ్‌లోకి మార్చండి. ఒక రోజంతా బాగా చల్లబడ్డాక, తువ్వాలు తీయకుండానే మూత కొద్దికొద్దిగా వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. లోపలిది సింకులో పారబోయండి, ఆ సీసాలను మళ్లీ వాడకండి.