పిల్లల కోసం ఆన్‌లైన్ థెరపీ ప్యాకేజీ కొంటా ఉండారా, ఒక్క నిమిషం ఆగండి

తిరుపతిలో టీనేజ్ పిల్లలు ఉండే అమ్మానాన్నలకి రాస్తా ఉండా. మా పాప ఇంటర్ ఫస్టియర్. మే నెల ఎండలో కూడా ఫుల్ హ్యాండ్స్ డ్రెస్ వదలకపోతే ఏదో ఫ్యాషన్ అనుకున్నా, తనకి తానే గాయం చేసుకుంటా ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు అరిచేశాను, అది చేయకూడని పని అని ఇప్పుడు తెలుసు, సరేలే.

రుయా గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకుపోదామంటే మా బంధువులు సగం మంది ఆ చుట్టుపక్కల మందుల షాపుల్లోనే, ఎవరన్నా చూస్తారని భయం. ఆ భయం మీదే ఈ ఆన్‌లైన్ థెరపీ అమ్మేవాళ్ళ వ్యాపారం. ఫోన్లో యాడ్ వచ్చింది, ఇంట్లోనే, ఎవరికీ తెలియకుండా, 90 రోజుల్లో పాప మారిపోతుందంట. 24 వేలు, నెలకి 4 వేలు నో కాస్ట్ ఈఎంఐ. డీబీటీ నేర్పిస్తామన్నారు. మనకి డీబీటీ అంటే పథకం డబ్బులు అకౌంట్లో పడటమే కదా, ఇది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, తట్టుకోలేని బాధ వచ్చినప్పుడు దాన్ని ఎట్లా దాటాలో నేర్పేది, ఇట్లాంటి పిల్లలకి నిజంగా పనికొచ్చేదే, కానీ అందులో వారం వారం థెరపిస్టుతో విడిగా మాట్లాడటం, గ్రూపు క్లాసు, మధ్యలో కష్టమైతే ఫోన్ చేసే వీలు అన్నీ ఉండాలి. వీళ్ళ దగ్గర ఉండేది రికార్డెడ్ వీడియోలు, ఒక చాట్ బాక్సు, ఒక కౌంటరు.

ఆ కౌంటరు సంగతి వినండి. గాయం చేసుకోకుండా ఎన్ని రోజులైందో లెక్క, వారానికి ఒక బ్యాడ్జి. 19 రోజులకి వచ్చిందని మురిసిపోయి స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ నాన్నకి కూడా పంపించా. చూస్తే 12వ రోజే మళ్ళీ జరిగిందంట. ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే "చెప్తే సున్నా అయిపోతుంది కదమ్మా" అనింది.

ఆరు వారాల్లో కౌన్సిలర్లు ముగ్గురు మారినారు, వచ్చినోళ్ళంతా "మొదటి నుంచి చెప్పమ్మా" అనేవాళ్ళే. ఒక రాత్రి 11:40కి పాప చాట్‌లో "ఇప్పుడు చాలా కష్టంగా ఉంది" అని పెడితే "హాయ్ ఛాంపియన్! మా టీమ్ 48 పని గంటల్లో రిప్లై ఇస్తుంది" అని వచ్చింది, పక్కన నవ్వే బొమ్మ. పొద్దున అది చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కండిషన్లు తీసి చదివితే (ముందే చదవాల్సింది, ఒప్పుకుంటా) అడుగున ఎక్కడో అత్యవసరానికి ఈ సేవ వర్తించదని ఉండాది. ఇట్లాంటి పిల్లలకని చెప్పి అమ్మేదాంట్లో ఆ మాటేందప్పా? డబ్బు కట్టేముందే అడగండి, రాత్రి 11 గంటలకి మెసేజ్ పెడితే ఎవరు చూస్తారని, సేల్స్ పిల్లోడు నీళ్ళు నములుతాడు.

క్లినికల్ సైకాలజిస్టు అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అదే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడిగితే లైఫ్ కోచ్ సర్టిఫికెట్ పంపించినారు. ఆపేయమంటే మొదటి సెషన్ అయ్యాక రీఫండ్ లేదంట. ఈఎంఐ అనుకున్నది కాస్తా మా ఆయన పేరు మీద ఫైనాన్స్ కంపెనీ లోను, క్లాసులు మానేసినా కట్ అవుతానే ఉంది.

ఆన్‌లైన్ అంటేనే మోసం అనట్లేదు. స్వీడన్‌లో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 166 మంది మీద చేసిన స్టడీ 2023లో వచ్చింది, మామూలు ట్రీట్‌మెంట్‌కి 12 వారాల ఆన్‌లైన్ థెరపీ కూడా కలిపితే గాయాలు ఇంకా బాగా తగ్గినాయి. కానీ అక్కడ వెనకాల నిజం థెరపిస్టు ఉండి పిల్లలకి జవాబు రాసేవాళ్ళు, అమ్మానాన్నలకి వేరే కోర్సు.

చివరికి రుయా సైకియాట్రీ ఓపీకే పోయాం. క్యూలో మా తోడికోడలి తమ్ముడు, వాళ్ళ కొడుకుని తీసుకొచ్చినాడు. ఒకరినొకరం చూసి తలకాయ ఊపుకున్నాం, అంతే. రాత్రిపూట మనసు బాగాలేకపోతే టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416 ఉంది, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడతారు, ఆ నంబర్ పాప ఫోన్లోనే సేవ్ చేశాం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లెయింట్ ఇచ్చాం. మొన్న 5వ తేదీ నాలుగో ఈఎంఐ కూడా పోయింది. డబ్బులేమన్నా వెనక్కొస్తే ఇక్కడే రాస్తా.