గవర్నర్‌పేట డిజైన్ షాపులో నాస్ పెట్టె: మూడేళ్ల వాడకం తర్వాత

రెండు హార్డ్‌డిస్కుల నాస్ (షాపులోని కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ మీద వాడుకునే ఉమ్మడి స్టోరేజ్ పెట్టె), అన్నిటినీ కేబుళ్లతో కలిపే గిగాబిట్ స్విచ్, నాలుగు విండోస్ సిస్టమ్‌లు, ఒక మ్యాక్. పెళ్లికార్డులు, ఫ్లెక్సీల ఫైళ్లన్నీ జెడ్ డ్రైవ్‌లోనే, అంటే విండోస్‌లో ఆ నాస్ కనబడే డ్రైవ్‌లోనే. పెట్టె మీద ఫిర్యాదు లేదు, సెకనుకు 110 ఎంబీ దాకా కాపీ అవుతుంది. (11 దగ్గరే ఆగిందంటే లైను సెకనుకు 100 మెగాబిట్లకి, అంటే సుమారు 12 ఎంబీకి, పడిపోయినట్టే. ముందు కేబుల్, దాని క్లిప్పులు చూడండి.) తలనొప్పంతా ఆ డ్రైవ్‌లోని ఫైలును నేరుగా తెరిచే సాఫ్ట్‌వేర్లతోనే.

ఓ పట్టాన అంతుబట్టనిది తెలుగు పేర్ల గొడవ. విండోస్ సొంత డిస్కులో ఫైలు పేరు 255 గుర్తుల దాకా పోతుంది. నాస్ లోపల ఉండేది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, అక్కడ హద్దు 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు; గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే. 'వెంకటేశ్వర' మన కంటికి అయిదక్షరాలు, నాస్ లెక్కలో 30 బైట్లు. వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణమండపం అన్నీ ఫైలు పేరులోకి ఎక్కిస్తే కాపీ మధ్యలో ఎర్రర్. కొన్నిసార్లు కాపీ అవుతుంది గానీ సేవ్ కాదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఆ ఫైలు పేరు చివర తన తోక ఒకటి తగిలిస్తుంది. మ్యాక్‌లో 'చి.ల.సౌ.' అని చుక్కతో ముగిసే ఫోల్డర్ చేస్తే విండోస్‌లో పిచ్చిపేరుతో కనబడుతుంది. పేరు చివర చుక్కను విండోస్ ఒప్పుకోదు. ఫైలు పేరుకి ఆర్డర్ నంబరు, ఇంటిపేరు చాలు.

రెండోది సేవ్. చాలా సాఫ్ట్‌వేర్లు పాత ఫైలు మీదే రాయవు. పక్కన టెంపరరీ ఫైలు రాసి, పాతది తీసేసి, దాని పేరు కొత్తదానికి పెడతాయి. సరిగ్గా ఆ క్షణంలో స్విచ్ ఆగితే అసలు ఫైలు మాయం, ఆ టెంపరరీ ఫైలు (.tmp) ఒకటి మిగులుతుంది. దాన్ని పారేయకండి. కాపీ తీసి, పాత ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తర్వాతి ముక్క) పెట్టి తెరిచి చూడండి. పూర్తిగా రాసి ఉంటే తెరుచుకుంటుంది. కంప్యూటర్లకు యూపీఎస్ పెట్టి స్విచ్‌ని గోడ ప్లగ్గుకి వదిలేయడం మన షాపుల్లో మామూలే. వేసవి కరెంటు కోతల్లో దెబ్బ అక్కడే తగులుతుంది. ఒక జీబీ దాటిన ఫ్లెక్సీ ఫైలైతే డెస్క్‌టాప్ మీదికి తెచ్చుకుని, పనయ్యాక తిరిగి నాస్‌లో పెట్టడమే మేలు.

ఎక్సెల్ బిల్లు "వేరొకరు వాడుతున్నారు" అని మొండికేస్తే అందరూ మూసేశారో లేదో చూసుకుని, ~$తో మొదలయ్యే దాగిన ఫైలు తీసేయండి. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపే సాఫ్ట్‌వేర్‌కి జెడ్ డ్రైవ్ కనబడకపోతే నాస్ పేరుతో మొదలయ్యే పూర్తి అడ్రస్ (\\నాస్‌పేరు\ఫోల్డర్) టైప్ చేయండి.

డిలీట్ విషయం మాత్రం మొదటిరోజే చూసుకోవాలి. నెట్‌వర్క్ డ్రైవ్‌లో తీసేసింది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు. నాస్ సెట్టింగుల్లో ఆ ఫోల్డర్‌కి రీసైకిల్ బిన్ విడిగా ఆన్ చేసుకోవాలి.