విమానంలో బ్లూటూత్ ఇయర్‌బడ్సా, వైర్ ఇయర్‌ఫోనా?

నిబంధన: మన దేశంలో 2014లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఫ్లైట్ మోడ్‌లోని ఫోన్లను ప్రయాణం పొడవునా వాడుకోవడానికి వీలు కల్పించింది. బ్లూటూత్ సిగ్నల్ చాలా బలహీనం కాబట్టి చాలా ఎయిర్‌లైన్స్ ఇయర్‌బడ్స్‌నూ ఒప్పుకుంటాయి. అయినా సిబ్బంది తీసేయమంటే తీసేయాల్సిందే. వైర్‌కి ఈ రేడియో గొడవే లేదు.

ఖర్చు: వైర్‌ది వందల్లో తేలిపోతుంది. మంచి బడ్స్ వేలల్లో ఉంటాయి.

సీటు ముందు స్క్రీన్: చాలా విమానాల్లో ఇప్పటికీ వైర్ పిన్నే పడుతుంది. బడ్స్‌తో సినిమా చూడాలంటే ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

రిస్క్: అసలు జాగ్రత్త ఇక్కడే. బడ్ జారి సీటు సందులో పడితే సీటు వెనక్కి, ముందుకు కదపకండి. లోపలున్న లిథియం బ్యాటరీ నలిగితే మంట రావచ్చు. వెంటనే సిబ్బందిని పిలవండి, వాళ్లే తీసిస్తారు. ఛార్జింగ్ కేసు చెక్-ఇన్ లగేజీలో వేయకుండా హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి విజయవాడ లాంటి గంట ప్రయాణానికి బడ్స్ హాయి. దుబాయ్, అమెరికా వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి ఒంటరిగా బయల్దేరే అమ్మానాన్నలకైతే వైరే ఇవ్వండి. ఛార్జింగ్ టెన్షన్ ఉండదు.