బెంటన్‌విల్‌లోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం: వరంగల్ నుంచి వెళ్లే తల్లిదండ్రుల కోసం

వరంగల్, హనుమకొండల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే పెద్దలు డల్లాస్ గురించి, న్యూజెర్సీ గురించి చెప్పుకున్నంతగా అర్కాన్సాస్ రాష్ట్రంలోని బెంటన్‌విల్ గురించి చెప్పుకోరు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే ఉండడం వల్ల ఐటీ ఉద్యోగాల్లో చేరిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో చాలానే ఉన్నాయి. కొడుకు, కోడలు ఆఫీసుకు, మనవలు బడికి వెళ్లిన తర్వాత, కారు నడపడం రాని అమ్మానాన్నలు పగలంతా ఏం చేయాలన్నది ప్రతి ఇంట్లోనూ ఎదురయ్యే ప్రశ్న. దానికి ఆ ఊరు ఇచ్చే మంచి జవాబు క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే చిత్రకళా మ్యూజియం.

మ్యూజియం విలువ తెలియాలంటే ముందు ఊరి సంగతి కొంత తెలియాలి. బెంటన్‌విల్ బెంటన్ కౌంటీకి కేంద్రం. కౌంటీని మన జిల్లాతో పోల్చుకోవచ్చు గానీ, పాలన తీరు పూర్తిగా వేరు. అర్కాన్సాస్‌లో కౌంటీ జడ్జి అనే పదవిలో ఉన్న వ్యక్తి పని తీర్పులు చెప్పడం కాదు. మన కలెక్టరు చేసే పనుల్లో చాలా భాగం ఆయన చేస్తారు, పైగా ప్రజలు ఓటు వేసి ఆయనను ఎన్నుకుంటారు. 9 నుంచి 15 మంది సభ్యులుండే క్వోరమ్ కోర్టు కూడా న్యాయస్థానం కాదు, కౌంటీ బడ్జెట్‌ను ఆమోదించే సభ. మన దగ్గర కొత్త జిల్లాల కలెక్టరేట్లను చాలాచోట్ల ఊరి బయట కట్టారు. అక్కడ మాత్రం 1928 నాటి కోర్టు భవనం ఊరి నడిబొడ్డునే నిలిచి ఉంది. దాని ముందున్న చిన్న చౌకులోనే వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ 1950లో తన చిల్లర సరుకుల దుకాణం తెరిచారు. అప్పటికి ఊరి జనాభా సుమారు 3 వేలు. 2020 జనగణన నాటికి అది 54 వేలు దాటింది. చౌకు మధ్యలో 1908 నుంచి నిలబడి ఉన్న కాన్ఫెడరేట్ (అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల పక్షం) సైనికుడి విగ్రహాన్ని 2020లో తొలగించారు.

ఆ చౌకు నుంచి అడవి దారిలో నడుచుకుంటూనే మ్యూజియానికి చేరుకోవచ్చు. భద్రకాళి చెరువు కట్టపై పొద్దున్నే నడిచే అలవాటున్నవారికి ఆ దూరం లెక్కలోకి రాదు. శామ్ వాల్టన్ కుమార్తె ఆలిస్ వాల్టన్ నెలకొల్పిన ఈ మ్యూజియం 2011 నవంబరు 11న తెరుచుకుంది. వాల్‌మార్ట్ ఇచ్చిన 2 కోట్ల డాలర్ల విరాళం వల్ల శాశ్వత ప్రదర్శనలకు టికెట్టు లేదు. మనవాళ్లకు దీనివల్ల కలిగే మేలు డబ్బు ఆదా ఒక్కటే కాదు. టికెట్టు కొన్న చోట ఒక్కరోజులో అన్నీ చూసెయ్యాలన్న తొందర ఉంటుంది; ఇక్కడ ఒక పూట ఒక్క గది చూసి, కాసేపు కూర్చుని, మళ్లీ వారం వెళ్లవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంతకంటే కావలసిందేముంది?

భవన శిల్పి మోషే సఫ్దీ. పంజాబులోని ఆనంద్‌పూర్ సాహిబ్‌లో ఉన్న సిక్కు చరిత్ర మ్యూజియం విరాసత్-ఎ-ఖాల్సా కూడా ఆయన రూపకల్పనే. అది కూడా 2011 నవంబరులోనే తెరుచుకుంది. బెంటన్‌విల్‌లో ఆయన గుట్ట మీద కాకుండా లోయలో కట్టారు. పైనుంచి లిఫ్టులో కిందికి దిగితే, ఊట నీటితో నిండిన చెరువులు, వాటిపై వంతెనల్లా వంగిన రాగి కప్పుల మండపాలు కనిపిస్తాయి. చిత్రాలపై పెద్దగా ఆసక్తి లేనివారు సైతం ఈ నీళ్ల కోసమైనా వెళ్లాలని నా అభిప్రాయం.

చిత్రాల్లో అందరూ ముందుగా వెతికేది నార్మన్ రాక్‌వెల్ 1943లో గీసిన రోజీ బొమ్మ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పనికి దిగిన స్త్రీ ఒడిలో రివెట్ గన్ను (లోహపు రేకులను బిగించే పనిముట్టు) పెట్టుకుని రొట్టె తింటూ ఉంటుంది. నన్ను ఎక్కువసేపు నిలిపింది ఆషర్ డ్యూరాండ్ 1849లో వేసిన కొండలోయ చిత్రం. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ దాన్ని 2005లో అమ్మినప్పుడు ఆ నగరంలో చాలామంది బాధపడ్డారు. ఏదో మారుమూల కౌంటీ కేంద్రానికి పోతోందన్న చిన్నచూపు ఆ బాధలో కొంత లేకపోలేదు. విలువైనదేదైనా హైదరాబాద్‌లోనే ఉండాలన్న మాటకు అలవాటుపడిన మన జిల్లాలవాళ్లకు ఆ చిత్రం ముందు నిలబడితే ఒకింత సంతోషం కలుగుతుంది.

ఆవరణలోనే ప్రసిద్ధ అమెరికన్ భవన శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపకల్పనతో 1950లలో న్యూజెర్సీలో కట్టిన ఒక చిన్న ఇల్లు ఉంది. ఏటి వరదల బాధ తట్టుకోలేక దాన్ని విడగొట్టి, ఇక్కడికి తరలించి, మళ్లీ కూర్చి 2015లో సందర్శకులకు తెరిచారు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్లు విప్పిన తర్వాత 2024లో తిరిగి తెరుచుకునే దాకా ఏళ్లకేళ్లు ఎదురుచూసిన హనుమకొండవాసులు ఈ ఇంటి గోడల అతుకులను మిగతావారికంటే శ్రద్ధగా చూస్తారు.

లోపాలూ లేకపోలేదు. ఊరి నడిబొడ్డు దాటితే కారు లేకుండా కదలడం కష్టం, అందువల్ల శివారు కాలనీల్లో ఉండేవారికి పైన చెప్పిన నడక సౌకర్యం అందదు. చిత్రాల పక్కనున్న వివరణలు చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి మనవడో మనవరాలో వెంట ఉండడం మేలు. మరో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి: మ్యూజియం, చౌకులోని పాత దుకాణం, ఊరి ఉద్యోగాలు, అన్నింటి వెనుకా ఒకే కుటుంబం, ఒకే కంపెనీ కనిపిస్తాయి. ఊరి అందాన్ని మెచ్చుకుంటూనే ఈ సంగతిని గుర్తుంచుకోవడం అవసరం.

మంగళవారం మ్యూజియానికి సెలవు. కొన్ని ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్టు ఉంటుంది గనుక బయల్దేరే ముందు కనుక్కోవాలి. వసంతం నుంచి శరదృతువు దాకా శనివారం పొద్దున చౌకులో రైతుల సంత జరుగుతుంది. కూరగాయలు కొని పిల్లల కారులో పెట్టించి, ఎండ ముదరకముందే అడవి దారి పట్టడం మంచిది. తిరిగి వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కాల్సి ఉంటుంది, కాబట్టి లిఫ్టులో పైకి వచ్చి, కారును అక్కడికే రమ్మనాలి.