బైక్‌కు అదనపు లైట్లు: దూరం కొట్టేవా, వెడల్పుగా పరిచేవా – ఏది మేలు?

రాత్రిపూట బండి నడిపేవాళ్లు అదనపు లైట్ల గురించి మొదట అడిగేది "ఏది ఎక్కువ వెలుగిస్తుంది?" అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. ఆ వెలుగు ఎక్కడ పడాలి అన్నది ముందు తేల్చుకోవాలి. సన్నటి కిరణంతో దూరం కొట్టే స్పాట్ లైట్లు ఒక రకం. బండి ముందు ఇటు చివర నుంచి అటు చివర దాకా పరుచుకునే వెడల్పు లైట్లు ఇంకో రకం. షాపుల్లో రెండింటినీ "ఫాగ్ లైట్లు" అనే అమ్మేస్తారు, మనమూ అలాగే అడిగి తెచ్చుకుంటాం. కానీ వాటి పని వేరు, బిగించాల్సిన చోటు వేరు, ఎదుటి మనిషి కంటికి పెట్టే ఇబ్బంది కూడా వేరు.

నేను చెప్పేది హాలోజన్ హెడ్‌లైటుతో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, హిమాలయన్ 411 లాంటి బళ్లను దృష్టిలో పెట్టుకుని. వాటిలో ఉండేది 60/55 వాట్ల హెచ్4 బల్బు. దాన్ని చులకన చేయక్కర్లేదు. అద్దం శుభ్రంగా ఉండి, హెడ్‌లైటు ఎత్తు సరిగ్గా కుదిరితే మామూలు వేగానికి బాగానే సరిపోతుంది. ముందు ఆ ఎత్తు సరిచేయించి రెండు మూడు రాత్రులు నడిపి చూడండి. 100, 125 సీసీ బళ్లలో ఉండే 35 వాట్ల బల్బుతో మాత్రం ఇబ్బంది నిజమైనదే.

లైటు ఎంత దూరం చూపించాలో వేగాన్ని బట్టి లెక్కేసుకోవచ్చు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. రోడ్డు మీద ఏదో కనిపించి, మెదడుకు ఎక్కి, వేళ్లు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం. అప్పటికే 25 మీటర్లు దాటేశాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టినా ఆగడానికి ఇంకో 23 మీటర్లు కావాలి. మొత్తం 48. అదే 80లో వెళ్తుంటే 33, 41 కలిపి 74 మీటర్లు. లో బీమ్ మామూలుగా 50 మీటర్ల చుట్టుపక్కలే పనికొచ్చేలా చూపిస్తుంది. అంటే 60 దాకా అంతంతమాత్రంగా గట్టెక్కుతాం. 80లో వెళ్తూ లో బీమ్‌ను నమ్ముకుంటే కనిపించనిదాని మీదికి దూసుకుపోతున్నట్టే.

ఈ లెక్క చూడగానే "అయితే దూరం కొట్టే లైట్లే కొనాలి" అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. మన రోడ్ల మీద రాత్రిపూట ఎదురయ్యేవేమిటో చూడండి. రోడ్డు పక్క నుంచి తాపీగా నడిచొచ్చే గేదె. రిఫ్లెక్టరు లేని ట్రాక్టర్ ట్రాలీ. సగం రోడ్డు మీద వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి, చుట్టూ పేర్చిన రాళ్లు. రంగు వేయని స్పీడ్ బ్రేకరు. వీటిలో చాలావరకు 30, 40 మీటర్ల లోపల, అదీ పక్క నుంచి మన ముందుకొచ్చేవే. స్పాట్ లైటు 200 మీటర్ల దూరాన ఉన్న చింతచెట్టును చూపిస్తుంది గానీ మార్జిన్‌లో నిలబడ్డ గేదెను చూపించదు. పైగా దూరాన మెరిసే ఆ చుక్కకే కన్ను అతుక్కుపోయి, దగ్గర్లోని చీకటి ఇంకా చిక్కగా కనిపిస్తుంది.

స్పాట్ లైటు నిజంగా అక్కరకొచ్చేది ఎదురు బళ్లు లేని ఖాళీ రోడ్డు మీద. అలాంటి రోడ్లు మనకు ఎన్ని ఉన్నాయి? హైదరాబాద్–విజయవాడ హైవే మీద అర్ధరాత్రయినా ముందొక లారీ, వెనకొక బస్సు ఉండనే ఉంటాయి. అసలు ఖాళీగా ఉండే నల్లమల రోడ్డు సంగతి చూస్తే, శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర రాత్రి 9కి గేటు వేస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు. అడవి జంతువుల కోసం పెట్టిన ఆ నియమం చాలా మంచిది. మన లెక్కలో దాని అర్థం, స్పాట్ లైటుకు తగ్గ రోడ్డు రాత్రిపూట మనకు దొరకదని.

ఘాట్ రోడ్డులో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు ఎడమ మలుపులో బండిని వాలిస్తే హెడ్‌లైటు వెలుగు కూడా బండితో పాటు వాలుతుంది. ఎడమ పక్క వెలుగు ముందు చక్రానికి దగ్గరగా నేలలోకి దిగిపోతుంది, కుడి పక్కది లేచి చెట్ల కొమ్మల్లోకి పోతుంది. మనం పోవాల్సింది ఎడమకు, అక్కడే చీకటి. వెడల్పు లైటు ఆ లోపలి మూలను నింపుతుంది. రోడ్డు అంచున తెల్ల గీత, దాని పక్కన రాలిన కంకర, మలుపు చివర ఆగి ఉన్న ఆటో కనిపిస్తాయి. ఇక్కడ స్పాట్ లైటు లోయ మీదుగా ఎటో పోతుంది. అందుకే ఒక్క జతే కొనేటట్టయితే వెడల్పుదే కొనమంటాను, ఆ వెలుగు పైఅంచు గీత గీసినట్టు తెగి ఉండేది. ఆ తెగే గీత లేకుండా గుండ్రంగా చుట్టూ చిమ్మే లైటు ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

రంగు విషయంలో వాదనలకు కొదవ లేదు. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని చెప్తారు గానీ అది నిజం కాదు. పొగమంచు బిందువులు కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి తెలుపునైనా పసుపునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. తేడా ఉన్నది మన కంటిలో. నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగు మంచు మీద పడి తిరిగొస్తే కన్ను తొందరగా అలసిపోతుంది, చురుక్కుమంటుంది. పసుపులో ఆ నీలం చాలా తక్కువ. ఫ్రాన్స్‌లో 1936 నుంచి 1993 దాకా కార్ల హెడ్‌లైట్లు పసుపువే ఉండాలన్న నియమం ఉండేది, దాని వెనుక ఉన్నదీ ఈ మిరుమిట్ల ఆలోచనే. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామునో, వాన పడుతున్న తారు రోడ్డు మీదో నేను 3000 కెల్విన్ పసుపునే ఎంచుకుంటాను. కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ రంగు పసుపు నుంచి తెలుపుకు, నీలానికి పోతుంది. పొడి రోడ్డు మీద మాత్రం 5000 లోపు తెలుపు బాగుంటుంది, రంగులు సరిగ్గా తెలుస్తాయి. 6000 దాటిన నీలిరంగు తెలుపు దేనికీ పనికిరాదు.

తెలుపు, పసుపు రెండూ ఒకే డబ్బాలో ఇచ్చే చవక లైట్లున్నాయి. వినడానికి బాగుంటుంది. చాలావాటిలో రంగు మార్చడానికి వేరే స్విచ్ ఉండదు, ఆపి మళ్లీ వేస్తే రంగు మారుతుంది. మొదటిసారి తెలుపు, రెండోసారి పసుపు, మూడోసారి మిణుకుమిణుకు. ఎదురుగా బస్సు వస్తోందని మర్యాదగా ఆపి, బస్సు వెళ్లాక వేస్తారు. మలుపు మధ్యలో లైటు టపటపా కొట్టుకోవడం మొదలెడుతుంది. మళ్లీ ఆపాలి, మళ్లీ వెయ్యాలి. ఆ రెండు సెకన్లూ చూపు రోడ్డు మీద ఉండదు. పేరున్న కంపెనీ జత కొన్నా, హైదరాబాద్ పుత్లీబౌలీలో పేరు లేని జత కొన్నా, ఒకే రంగు, ఒకే పని చేసే లైటే తీసుకోండి.

అట్టపెట్టె మీద ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకె చూసి మోసపోకండి. మంచి ఎల్‌ఈడీ లైటు ఒక వాటుకు 100 ల్యూమెన్ల చుట్టూ ఇస్తుంది. 20 వాట్ల లైటు మీద 10,000 అని రాసుంటే ఆ అంకె అబద్ధం. దాని బదులు వెనక అల్యూమినియం రెక్కలు ఎంత బరువుగా ఉన్నాయో, దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే ఐపీ67 గుర్తు ఉందో లేదో చూడండి. వేడి బయటికి పోకపోతే పావుగంటలో వెలుగు తగ్గుతుంది, నీళ్లు లోపలికి పోతే ఒక్క వానాకాలంతో దాని పని అయిపోతుంది. 55 వాట్ల హాలోజన్ జత ఇప్పుడు ఆలోచించాల్సిన పని లేదు. 110 వాట్లు లాగితే మన బళ్ల ఛార్జింగు తట్టుకోవడం కష్టం.

ఇక బిగించే చోటు. క్రాష్ గార్డా, ఫోర్కా, హెడ్‌లైటు పక్కనా?

వెడల్పు లైట్లకు క్రాష్ గార్డే సరైనది. కిందుగా ఉంటుంది కాబట్టి వెలుగు మంచు పొర అడుగు నుంచి పోతుంది, గుంతల నీడలు స్పష్టంగా పడతాయి, ఎదుటివాళ్ల కళ్లలో కొట్టదు. రెండు లైట్ల మధ్య ఎడం ఉండటం వల్ల వచ్చేది బండి అని, ఎంత దూరంలో ఉందో అని అవతలివాళ్లకు అంచనా దొరుకుతుంది. లోపం కూడా ఉంది. బండి పడితే ముందు నేలకు తగిలేది క్రాష్ గార్డే. అందుకే లైటును గార్డు బయటి వంపులో కాకుండా లోపలి వైపు, ఇంజనుకు దగ్గరగా బిగించాలి. గార్డు పైపు మందం కొలిచి దానికి తగ్గ క్లాంపే కొనండి. పెద్ద క్లాంపు తెచ్చి ట్యూబు ముక్కలు చుట్టి బిగిస్తే నాలుగు గుంతలకే లైటు తల వంచేస్తుంది.

ఫోర్కు మీద పెడితే హ్యాండిల్‌తో పాటు వెలుగు తిరుగుతుందని కొందరికి ఇష్టం. నిజమే గానీ, కాస్త వేగం ఉంటే మలుపులో మనం హ్యాండిల్ తిప్పేది చాలా తక్కువ, బండిని వాలుస్తాం. కాబట్టి లాభం యూ టర్నుల్లో, బాగా నెమ్మదిగా తిరిగే హెయిర్‌పిన్‌ల దగ్గరే. బదులుగా హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ వైరు వంగి, ఏదో ఒకనాడు లోపల తెగుతుంది. హిమాలయన్ 411కు హెడ్‌లైటే ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, హ్యాండిల్‌తో తిరగదు. ఆ బండి వాళ్లకు మాత్రం ఫోర్కు మీద చిన్న జత కొంత అక్కరకొస్తుంది. హెడ్‌లైటు పక్కన, అదే ఎత్తులో ఉండే చోటు స్పాట్ లైట్లది. వెడల్పు లైట్లను అక్కడ పెడితే ఎదురుగా టీవీఎస్ ఎక్సెల్ మీద గడ్డిమోపుతో వచ్చే పెద్దాయనకు కాసేపు కళ్లు కనపడవు. ఆయన రోడ్డు దిగిపోతే ఆ పాపం మనదే.

ఎత్తు సరిచేయడానికి సాయంత్రం చీకటి పడ్డాక గోడకు 7.5 మీటర్ల దూరంలో చదును నేల మీద బండి నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, స్టాండు తీసి మీరు సీటు మీద కూర్చోవాలి. నేల నుంచి లైటు ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీయించండి. వెలుగు పైఅంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. లైటు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ వెలుగు 37 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది, వెడల్పు లైటుకు అది చాలు. వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునేటట్టయితే వాళ్లను ఎక్కించుకునే ఈ పని చేయండి. వెనక బరువు పడితే ముందు లేస్తుంది, లైటూ లేస్తుంది.

వైరింగులో రాజీ పడకండి. హెడ్‌లైటు వైరు గీకి జాయింటు వేసి, టేపు చుట్టి ఇస్తే తక్కువలో పోతుంది, కానీ ఒరిజినల్ వైరింగు వేడెక్కుతుంది, వారంటీ పోతుంది. రిలే పద్ధతే మేలు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంపే స్విచ్ డబ్బా, దాని పిన్నుల పక్కన ఈ కింది అంకెలుంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా రిలే 30కి, 87 నుంచి లైట్లకు, 86కు స్విచ్, 85 ఎర్త్. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, లేకపోతే మధ్యలో వైరు రాసుకుపోయినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. 20 వాట్ల లైట్లు రెండంటే మూడు ఆంపియర్ల పైచిలుకు, 7.5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. స్విచ్‌కు కరెంటు, తాళంచెవి తిప్పి ఆన్ చేస్తేనే వచ్చే వైరు నుంచి తీసుకుంటే, బండి ఆపాక లైట్లు మరిచిపోయినా బ్యాటరీ దిగిపోదు.

వెడల్పు జత పెట్టాక కూడా దూరం కావాలనిపిస్తే స్పాట్ జత కలుపుకోవచ్చు. అయితే కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 111వది, రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా వాహనం ముందు స్పాట్ లైట్లు పెట్టకూడదని స్పష్టంగా చెప్తుంది. కాబట్టి ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. అనుమతి వచ్చాక స్పాట్ లైట్ల రిలేను హై బీమ్ వైరుకు కలపండి. ఎదురు బండికి డిప్పర్ కొట్టగానే హై బీమ్‌తో పాటు అవీ వాటంతట అవే ఆరిపోవాలి, వేరే స్విచ్ వెతుక్కోకూడదు. దానికి ముందు ఒక పరీక్ష ఉంది. ఉన్న లైట్లన్నీ వేసి, ఇంజను కాస్త రైజ్ చేసి, బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెట్టించండి. 13 వోల్టుల పైన నిలకడగా ఉంటే రెండో జతకు చోటున్నట్టు. అంతకన్నా కిందికి జారుతుంటే బ్యాటరీ ఇప్పటికే నష్టపోతోంది, వెడల్పు జతతోనే ఉండండి.