‘వాటర్‌ప్రూఫ్’ అని చూసి బైనాక్యులర్స్ కొనేముందు ఇది చదవండి

చలికాలం వలస పక్షుల కోసం చాలామంది ఇప్పుడే బైనాక్యులర్స్ కొంటుంటారు. నాలా మోసపోకూడదని రాస్తున్నాను.

దసరా ఆఫర్‌లో ఆన్‌లైన్‌లో 8×42 సైజుది (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) 6,500 రూపాయలకు తీసుకున్నాను. డబ్బా మీద పెద్దక్షరాల్లో ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉంది. డాబా ఎక్కి చూస్తే దూరాన కరెంటు తీగ మీది పాలపిట్ట రంగులు కూడా చక్కగా కనిపించాయి. ఇంకేం చూడలేదు, అక్కడే తప్పు చేశాను.

నవంబర్ చివర్లో ఒక ఆదివారం మా పాపను తీసుకుని పాలమూరు నుంచి చీకటితోనే కోయిల్‌సాగర్ జలాశయానికి బయల్దేరాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని ముందురోజే విన్నాను. వస్తువు వాటర్‌ప్రూఫ్ కదా అన్న ధైర్యం. దేవరకద్ర దాటేసరికి ముసురు పట్టింది. నీళ్ల అవతలి అంచున బాతుల గుంపు ఒకటి వాలి ఉంది. తల వెనక రెండు నల్ల చారలుండే బార్ హెడెడ్ గూస్ హిమాలయాలు దాటి వస్తుందని పాపకు వారం నుంచి చెబుతున్నాను. ఇవి అవేనేమో చూద్దామని తనకిచ్చాను. పది నిమిషాలు కూడా కాలేదు, అద్దాలు మసకబారాయి. ఎంత తుడిచినా పోలేదు. ఆవిరి లోపల పట్టింది. “నాన్నా, ఏం కనిపిస్తలేదు” అంది. మేం తంటాలు పడుతుండగానే ఆ గుంపు లేచిపోయింది. దారంతా పాప మాట్లాడలేదు.

అమ్మినవాళ్లను అడిగితే “అది తుంపర తట్టుకునేదే సార్, నీళ్లు పోతే వారంటీ రాదు” అన్నారు. వాపసు గడువు ఏడు రోజులే, అదీ ఎప్పుడో దాటిపోయింది.

తర్వాత తెలుసుకున్నది ఇది. వానలో పనికొచ్చే బైనాక్యులర్స్‌కు అతుకుల దగ్గర రబ్బరు రింగులతో గట్టి సీలు ఉంటుంది, లోపల తేమ లేని నైట్రోజన్ వాయువు నింపుతారు. చల్లగాలి తగిలినా లోపల ఆవిరి పట్టనిది అందుకే. నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో ఐపీఎక్స్ అనే రేటింగ్ చెబుతుంది. వివరాల్లో ఐపీఎక్స్ 7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. ఐపీఎక్స్ 4 అంటే చిందే నీళ్ల వరకే. నైట్రోజన్ సంగతి, ఐపీఎక్స్ అంకె రాయకుండా ఉత్త ‘వాటర్‌ప్రూఫ్’ అంటే నమ్మకండి. వారంటీ కాగితంలో నీటి గురించి ఏం రాశారో గడువులోపే చదవండి.

ఇప్పటికే తడిసి ఉంటే హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో ఉంచండి. తేమ అలాగే ఉండిపోతే అద్దాలకు ఫంగస్ పడుతుంది.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. డబ్బా మీది మాట ఫొటో తీసి ఉంచాను కాబట్టి సరిపోయింది. మీరు డబ్బా పారేయకండి.